పిడుగు పడ్డాక దాలయ్య తెరిచిన లాకరు

మా దాలయ్యను నలుగురిలో దొంగ అన్నారు. ఆ మాట నా చెవులతో విన్నాను కాబట్టి రాస్తున్నాను.

నేను జగన్నాధాన్ని. వీధిబడిలో ఐదో తరగతి దాకా చదివాను. ముప్పైనాలుగేళ్లు సముద్రం మీద చేపల వేట చేశాను, పదిహేనేళ్లు కులపెద్దగా ఉన్నాను. మా ఊరి తుఫాను షెల్టరు, రేవుకు సిమెంటు రోడ్డు నా హయాంలో వచ్చినవే. కలెక్టరాఫీసుకు మెట్లెన్నో నన్నడగండి. అలాంటి నేనే ఆ లాకరుకు ఒప్పుకున్నాను.

దాలయ్య వేటోళ్ల ఇంట పుట్టి వేటకు పోలేదు; పడవెక్కితే వాంతులు. శ్రీకాకుళంలో ట్రంకుపెట్టెల మేస్త్రి దగ్గర పని నేర్చాడు. నలభై ఏళ్లుగా అరసవల్లి రోడ్డు పక్కన గొడుగు వేసుకుని తాళాలు బాగుచేస్తున్నాడు. ఇంటివాళ్లెవరూ పక్కన కూర్చోకపోతే తాళం ముట్టడు. టక్కుమని చప్పుడు రాగానే లేచి మొహం తిప్పేసుకుంటాడు. ఎవరింట్లో ఏముందో ఈనాటికీ అతనికి తెలియదు.

మా ఊరి దేవత పోలమ్మ తల్లి వెండి కళ్లు, ముక్కెర, వడ్డాణం పాత ఇనప్పెట్టెలో ఉండేవి. దాని తాళంచెవి ఒకటి నా మొలతాడుకు, రెండోది పసుపుగుడ్డలో నగల పక్కన. తల్లి సొమ్ముకు తల్లే సగం కావలి అని మా ఆచారం. 2016లో నా మేనల్లుడు మోహనకృష్ణ, సంఘం కార్యదర్శి, నంబర్లు నొక్కే లాకరు తెచ్చి గుడి గదిలో పెట్టాడు.

"మావా, అణుబాంబు పేలి కరెంటు సామాన్లు మాడ్చే పల్సొచ్చినా దీనికేటీ కాదట. కొట్టోడే సెప్పినాడు."

అణుబాంబు మా ఊరికెందుకొస్తుందని అడగాలని నాకు తోచలేదు. బ్యాటరీలు మార్చే పని లేకుండా ప్లగ్గు నుంచి వైరు కూడా తగిలించాడు. అత్యవసరానికిచ్చిన తాళంచెవులు రెండింటినీ నేనే పసుపుగుడ్డలో కట్టి లోపల పెట్టాను. నంబరుండగా మొలతాడుకెందుకు అనుకున్నాను.

ఆ ఏడాది తల్లి సంబరానికి ముందురోజు సాయంత్రం గుడి పక్క కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. మర్నాడు నంబరు నొక్కితే దీపం వెలగలేదు. బ్యాటరీలు మార్చినా అంతే. మధ్యాహ్నంలోగా తల్లికి కళ్లు పెట్టకపోతే ఊరేగింపు కదలదు.

మోహనకృష్ణ కొట్టుకు ఫోను చేశాడు. పిడుగుకు పాడయ్యే సరుకు కాదు, ఎవరో కెలికారని వాళ్లన్నారట. వాడి చేతిలో మైకుంది.

"మొన్న ఈ గదిలోకొచ్చినోడు దాలయ్య మావొక్కడే!"

ఊరంతా విన్నది, దొంగనే అన్నది. దాలయ్య వచ్చింది గది తలుపు గడియ బిగించడానికి. పిలిచింది నేను! ఆ మాట చెప్పబోతే నా గొంతు డప్పుల్లో కలిసిపోయింది.

లాకరు తెరవమని నేను పంపిన కబురందుకుని దాలయ్య సంచీతో వచ్చాడు. వస్తూనే, మోహనకృష్ణకు తల్లి అయిన నా చెల్లెలు గున్నమ్మను పిలిచాడు.

"ఒసే గున్నమ్మా, ఇలా కూకో. నీ కొడుకు నన్ను దొంగంటన్నాడు. నా సేతులు సూస్తుండు."

"ఆడికి నోరు పెద్దదన్నా, బుర్ర సిన్నది."

ముందు వైరు ఊడదీశాడు. అది లోపలికి వెళ్లే చోట నల్లగా మాడిపోయి ఉంది.

"సూడు బాబూ. ఉత్త బేటరీల మీదుంటే బతికేదేమో. నువ్వు వైరేసి పిడుగుని లోపలికి పిలిసినావు."

"మరి అణుబాంబు పల్సుకో?"

"అది నాకు తెల్దు. కొట్టోడికీ తెల్దు. తెల్దని సెప్పడానికి నాకు సిగ్గు నేదు, ఆడికున్నాది."

నంబర్ల పలక వెనకున్న తాళంచెవి కన్నంలో సన్నటి కడ్డీలు పెట్టి గంటసేపు కుస్తీ పట్టాడు. టక్కుమంది. లేచి గోడవైపు తిరిగాడు. గున్నమ్మ తలుపు తీసింది. నగలన్నీ ఉన్నాయి. పసుపుగుడ్డలో నేను కట్టిన తాళంచెవులూ ఉన్నాయి.

మోహనకృష్ణ నవ్వాడు. "ఇంత సుళువుగా తీసేస్తే అనుమానం రాదేటి మావా!"

గంటసేపు చెమటలు కక్కిన మనిషితో అనే మాటా అది! నా ఒళ్లు మండిపోయింది. దాలయ్య మాత్రం అరవలేదు. వెళ్లి గడపలో అడ్డంగా కూర్చున్నాడు. తల్లి నగల పళ్లెం మనిషిని దాటించి తీసుకుపోకూడదు.

"నన్నన్నది మైకులో. ఆ మైకులోనే సెప్పు. అందాకా ఇక్కణ్ణుంచి నెగను."

డప్పులాగిపోయాయి. మోహనకృష్ణ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పలేదు. చివరికి మైకందుకున్నాడు.

"దాలయ్య మావ ఏటీ కెలకలేదు. వైరేసినోణ్ణి నేను."

ఆ వెంటనే మైకు నేను లాక్కున్నాను. తాళంచెవులు లోపల పెట్టిన తెలివి నాదేనని, మొన్న అతన్ని పిలిచినవాణ్ణీ నేనేనని చెప్పాను. దాలయ్య లేచాడు. వెండి కళ్లు గడప దాటాయి.

అయినా నా కోపం చల్లారలేదు. మనిషి పరువు ఒక్క ఫోనుమాటతో తీసిన ఆ కొట్టువాడికి ఆ రోజు నుంచి నేను ఫోను చేస్తూనే ఉన్నాను. ఎత్తడు.