రెండూ మూడూ ఇరవై మూడు

పటాన్‌చెరులోని ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ విభాగంలో పనిచేస్తాను. పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకునేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో నాలుగేళ్లుగా మారుపేరుతో సందేహాలు తీరుస్తున్నాను. అందరూ అడిగిందే అడుగుతారు. ఒకరోజు ఉదయం సంగారెడ్డి బస్సులో ఉండగా మళ్లీ అదే ప్రశ్న: "రెండూ మూడూ కలిపితే ఇరవై మూడు వస్తోంది, ఎందుకు?" విసుగొచ్చి, "ఇది మీ వల్ల కాదు, మానేయండి" అని రాసేశాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో భోంచేస్తుంటే, ప్యాకింగ్‌లో పనిచేసే లక్డారం ఊరి సుజాతక్క ఫోన్ పట్టుకుని వచ్చింది.

"సారూ, ప్యాకింగ్‌ల కొత్త మిషిన్లు వస్తున్నయట. మా పని పోతది. గందుకే ఇది నేర్సుకుంటున్న. గ్రూపుల ఎవరో నాతోని కాదన్నరు. నిజమేనా?"

తెర మీద ఉన్నది నా జవాబే.

"అక్కా, అది రాసింది నేనే" అన్నాను.

ఆమె ఫోన్‌ను నా ప్లేటు పక్కన పెట్టింది. "పొద్దుగాల్నుంచి మనసు మనసుల లేదు సారూ" అంటూ ఎదురుగా కూర్చుంది. "ఇగ చెప్పు, ఏడ తప్పైంది?"

మనం టైపు చేసిన అంకెను కంప్యూటర్ ఉత్త అక్షరంగా తీసుకుని రెంటినీ పక్కపక్కన పెడుతుందని, అది సంఖ్య అని మనమే చెప్పాలని వివరించాను. ఆమె ఫోన్‌లోనే సరిచేసింది. తెర మీద ఐదు కనబడగానే పక్క టేబుల్ వాళ్లను కేకేసి పిలిచింది.

అడిగిందే అడిగితే విసుగు ఇప్పటికీ వస్తుంది. ఓపిక లేని రోజున మాత్రం ఎవరికీ జవాబు రాయను.