చుక్క తర్వాతి గుంటలు

అంకె ఎక్కడ రాసినా ఒకటే చెబుతుందని, తికమకలన్నీ మాటల్లోనే ఉంటాయని చదువుకున్నవాళ్లలో చాలామంది నమ్మకం. పాలకుర్తిలో ఒక రైతుల సంఘానికి కంప్యూటర్ పని చేసే పద్మలత కూడా మొన్నటి జూన్ దాకా అలాగే నమ్మింది.

ఆమెకు నలభై దాటాయి. పదకొండేళ్లు జిరాక్స్ దుకాణంలో దరఖాస్తులు టైపు చేసి, ఆ తర్వాత సంఘంలో చేరింది. ఏ పనైనా రెండుసార్లు చూస్తుంది. అందువల్ల ఆలస్యం చేస్తుందన్న పేరూ ఉంది.

ఆ నెల సంఘం అరవై డ్రిప్ సెట్లు ఇవ్వదలచింది. ఎకరంనర, అంతకు మించి ఉన్నవాళ్లే అర్హులు. ముందు దరఖాస్తు పెట్టినవాళ్లకు ముందు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కార్యకర్తలు వివరాలను ఫోన్‌లోనే ఎక్కించారు. భూమి ఎంతో రాయడానికి ఉన్నది ఒకే కాలమ్. సమన్వయకర్త యుగేందర్ అందులో 1.5కు తక్కువున్న పేర్లన్నీ తీసేశాడు.

జాబితాలో తన పేరు లేదని తెలిసి, మరునాడు మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి రామి పద్మలతకు ఫోన్ చేసింది. భర్త పోయాక ఒక్కతే మిరప పండిస్తున్న మనిషి. బోరు నీళ్లు సగం చేనుకే అందుతున్నాయి. డ్రిప్ రాకపోతే ఈసారి మిగతా సగం బీడే.

"నాకు ఎకరంనర ఉన్నది బిడ్డా. పాసుబుక్కుల గూడ గంతే ఉన్నది. మీ మిషన్ల తక్కువెట్లయింది? గట్టు ఎవలన్న జరిపిండ్రా ఏంది?"

రామి పేరు ఎదుట 1.2 అని ఉంది. తండా కార్యకర్త హరిలాల్‌ను అడిగితే తాను 1.20 అనే కొట్టానన్నాడు: ఎకరం ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు గనుక అది సరిగ్గా ఎకరంనర. చివరి సున్నాకు విలువ లేదని కంప్యూటర్ దాన్ని తీసేసింది.

పద్మలత ఆ కాలమ్‌ను పైనుంచి కిందికి, పుస్తకం చదివినట్టు చదివింది. మహబూబాబాద్ వరుసల్లో చుక్క తర్వాత ఏదీ ముప్పైతొమ్మిది దాటలేదు. భూపాలపల్లి వైపు మొగుళ్లపల్లి వరుసల్లో మాత్రం అరవై ఐదులు, డెబ్బయ్యైదులు కనిపించాయి. అక్కడి కార్యకర్త చైతన్య ఎకరాన్ని వంద భాగాలు చేసి రాశాడు. అంటే 1.5 అని ఉంటే మొగుళ్లపల్లిలో ఎకరంనర, తండాలో ఎకరం ఐదు గుంటలు. జనగామ వైపు నర్మెట్ట నుంచి వచ్చినవి "ఎకరం పది గుంటలు" అంటూ అక్షరాల్లో ఉన్నాయి. అనుమానానికి చోటు లేనివి ఆ మాటలొక్కటే కావడం ఆమెకు వింతగా తోచింది.

ఆమె కాలమ్‌ను విడదీసింది. ఎకరాలు ఒకదాంట్లో, గుంటలు ఇంకోదాంట్లో, ఆ లెక్క ఎలా తెలిసిందో మూడోదాంట్లో. మొదటి కాలమ్‌ను చెరపకుండా పక్కనే ఉంచింది. రెండు వందల పైచిలుకు వరుసలు కుదిరాయి. పదిహేడు కుదరలేదు. అన్నీ హరిలాల్ ఎక్కించిన 1.2లు, 1.3లు. ఎకరం రెండు గుంటలను ఒక్కోసారి 1.02 అని, ఒక్కోసారి 1.2 అని కొట్టానని అతడే ఒప్పుకున్నాడు. ఎంత తెలివితో చూసినా ఆ అంకెల్లోంచి ఇక ఏమీ రాదు.

"అన్నీ ఇరవై, ముప్పై గుంటలే అనుకో అక్కా," అన్నాడు యుగేందర్. "శనివారం సంఘం పెద్దలకు జాబితా పంపాలె. రైతుకు లాభమేనాయె, ఎవలకు నష్టం?"

"సెట్లు అరవయ్యే గద తమ్మీ. లేని గుంటలు రాస్తే ఉన్నోళ్లల్ల ఒకలది పోతది."

"గట్లైతే నువ్వే అడుగు. నీతోని పెట్టుకుంటే శనివారం సుత మంగళారమైతది."

ఆమె పదిహేడుగురికీ ఫోన్ చేసి, పాసుబుక్కు తెరిచి ఉన్నదున్నట్టు చదివి వినిపించమంది. పద్నాలుగురు వినిపించారు. తొమ్మిదిమందికి ఎకరంనర, ఆపైన ఉంది. వారిలో రామి ఒకరు. ఐదుగురికి లేదు. ముగ్గురు దొరకలేదు. ఆ ముగ్గురి గుంటల గడులను ఖాళీగా వదిలి, పక్కన "తెలియదు" అని రాసింది. హరిలాల్ వాళ్ల ఇళ్లకు వెళ్లి చూసి వచ్చేదాకా మూడు సెట్లు ఆపమని యుగేందర్‌ను కోరింది. జాబితా సోమవారం వెళ్లింది. దాని వెంట పంపిన కాగితంలో, ఆలస్యానికి బాధ్యులు ఎవరన్న చోట ఆమె తన పేరే రాసింది.