యాకోబు గారి మజ్జిగ గిన్నె

మా బందరులో మోటారు సైకిళ్లు బాగుచేసే యాకోబు గారు బండి మీద ముందు కూర్చోరు. వెనకే కూర్చుంటారు. అదీ అటొక కాలూ ఇటొక కాలూ వేసి కాదు. పేరంటానికి వెళ్లే ముత్తయిదువలా రెండు కాళ్లూ ఒకే పక్కకి పెట్టి, ఒళ్లో మూతలేని స్టీలు గిన్నె నిండా మజ్జిగ పెట్టుకుని మరీ కూర్చుంటారు.

మనిషి ఆరడుగులు, తొంభై కిలోలు. మీసం చెవుల దాకా ఉంటుంది. ఆ విగ్రహం అలా ఒద్దికగా కూర్చుని కోనేరు సెంటర్లోంచి వెళ్తుంటే కొత్తవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. ఓసారి ఆయన్ని చూస్తూ ఆటో నడిపినవాడు సరాసరి అరటిపళ్ల బండిలోకి దూసుకుపోయాడు.

ఏ బండి వచ్చినా ముందు ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని పెడన గేటు దాకా తిప్పి తీసుకురావాలి. దిగాక ఆయన ఇంజను వైపు చూడరు, తన బట్టలు చూసుకుంటారు.

"మజ్జిగ చొక్కా మీద పడితే ఇంజను టైమింగండీ. పంచె మీద పడితే క్లచ్చు. మొహం మీద పడిందనుకోండి, రిపేరు బండికి కాదు, నడిపేవాడికి."

ఈ మాట ఎన్నోసార్లు విని నవ్వుకున్నాను. నా బండి వంతు వచ్చేదాకా.

నాదొక పాత బుల్లెట్. దాని మీద అరకు వెళ్లాను, గోవా వెళ్లాను, అన్నీ ఒక్కణ్నే. రెండేళ్ల క్రితం వేరే ఊళ్లో దానికి రేసు క్యామ్‌లు వేయించాను. ఇంజనులో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరుచుకుని ఉండాలో నిర్ణయించేది క్యామే. దాని గుబ్బ ఎత్తుగా ఉంటే బండి హైవే మీద ఉరుకుతుంది, ఊళ్లో నిదానంగా వెళ్లమంటే మాత్రం ఎగిరెగిరి పడుతుంది. గుబ్బ తగ్గితే ఉరుకుడు తగ్గి, నిదానంలో లాగుడు పెరుగుతుంది. నాకు ఉరుకుడే కావలసి వచ్చింది.

ఇప్పుడు ఆ బండి పోయేలా ఉంది. మా ఆవిడ ప్రసన్నలక్ష్మి తేల్చేసింది.

"ఏమండీ, దాన్ని అమ్మేసి స్కూటర్ కొనండి. ఇద్దరం వెళ్లగలిగేది ఇంట్లో ఒక్కటన్నా ఉండాలిగా."

గుడివాడ నుంచి నాంచారయ్య గారనే ఆసామి ఆదివారం వచ్చి బండి తీసుకెళ్తానన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. పోయేది పోతుంది, కనీసం పులిలా గర్జిస్తూ పోవాలని బుధవారం సాయంత్రం యాకోబు గారి దగ్గరికి తీసుకెళ్లాను.

పెడన గేటు దాకా వెళ్లి వచ్చాం. వెనక్కి తిరిగి చూసి నిర్ఘాంతపోయాను. మీసం తెల్లగా ఉంది. చొక్కా తెల్లగా ఉంది. కరివేపాకు రెబ్బ ఒకటి చెవి మీద ఉంది. గిన్నె ఖాళీ.

ఆయన మొహం తుడుచుకుని అడిగారు. "వెనక ఎవరు కూర్చుంటారండీ?"

"ఎవరూ కూర్చోరండీ. మా ఆవిడకి బండంటే పడదు. పెడన స్కూల్లో టీచరు, బస్సులో వెళ్తుంది."

"మీరు పనిచేసే బ్యాంకెక్కడండీ?"

"పెడనేనండీ."

ఆయన నన్ను ఎంతసేపు చూశారంటే, నాకే ఏదో తప్పు చేసినట్టు అనిపించింది.

"ఎన్నాళ్ల నించి ఎక్కట్లేదండీ అమ్మగారు?"

"రెండేళ్లయింది."

"క్యామ్‌లు మార్పించి?"

"అదీ రెండే..." అని ఆగిపోయాను.

ఆయన గిన్నె మళ్లీ నింపి నా చేతిలో పెట్టారు. "వెనక కూర్చోండి. ఒక పక్కకి."

ఆ రోజు బందరు రెండు వింతలు చూసింది. యాకోబు గారు ముందు కూర్చోవడం ఒకటి. నేను రెండు కాళ్లూ ఒక పక్కకి పెట్టి, ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో ఆయన నడుము పట్టుకుని, మా బ్యాంకు మేనేజరు చూస్తుండగా వెళ్లడం రెండోది. మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే గిన్నె నా మీద బోర్లా పడింది. చిలకలపూడి చేరేసరికి కాళ్లు నావి కావు. పళ్లు టకటకలాడుతున్నాయి. నా బండి వెనక సీటు ఇంత ఘోరంగా ఉంటుందని, ఒట్టు, ఆయన చూపించేదాకా నాకు తెలియదు. ఎక్కడం మానేసేలోపు దాని మీద మా ఆవిడ ఎన్నిసార్లు పెడన వెళ్లిందో తలుచుకుంటే సిగ్గేసింది.

అయినా బుద్ధి రాలేదు. "ఎలాగూ అమ్మేస్తున్నానుగా, గర్జించేట్టు చెయ్యండి చాలు" అన్నాను.

"అలాగేనండీ. మీ పాత క్యామ్‌లు ఉంటే పట్రండి, కొలత చూడాలి."

అటక మీంచి దింపి ఇచ్చాను. శనివారం వెళ్లి స్టార్ట్ చేశాను. గర్జన లేదు. డుగ్ డుగ్ మంటూ మెల్లగా, ఏ తొందరా లేకుండా కొట్టుకుంటోంది. రేసు క్యామ్‌లు అట్టపెట్టెలో ఉన్నాయి!

"ఎవరు మార్చమన్నారండీ?" అని అరిచాను.

లోపల్నించి యాకోబు గారి భార్య కృపావతమ్మ గారు మజ్జిగ చిలుకుతూనే బయటికి వచ్చారు.

"మీరేం అనుకోమాకండి బాబూ. పెళ్లయిన వారానికి నన్ను అవనిగడ్డ మా అమ్మోళ్లింటికి తీసుకెళ్లారు ఈయన. బండికి అట్టాంటి రేసు క్యాములే ఏసుకున్నారు. చల్లపల్లిలో కాళ్లు తిమ్మిరెక్కితే ఒక్క నిమిషం దిగాను. ఆ మోతలో నేను దిగింది తెలీక ఈయన గేరేసి ఎళ్లిపోయారు."

"మిమ్మల్ని వదిలేసా?"

"అవనిగడ్డ దాకా నాతో మాట్లాడతానే ఉన్నారంట! ఊ కొట్టకపోతే అలిగాననుకున్నారంట. మా అమ్మ ఎదురొస్తే, 'ఇదిగోండి మీ అమ్మాయి' అని ఖాళీ సీటు చూపించారు."

నేను నోరు తెరిచాను. యాకోబు గారు మీసం కింద దాక్కోవడానికి ప్రయత్నించారు.

"నేను బస్సులో ఎళ్లేసరికి ఈయన ఒకటే ఏడుపు. అప్పటి నించి ఏ బండొచ్చినా నా చోట్లో కూర్చుని చూస్తారు. ఊళ్లో ఆడోళ్ల నడుములు బాగుండాలని."

ముప్ఫై ఏళ్లుగా ఊరంతా నవ్విన ఆ కూర్చోవడానికి కారణం ఇదన్నమాట. గిన్నె అడిగి తీసుకున్నాను.

ఆదివారం పొద్దున్న ప్రసన్నలక్ష్మిని బతిమాలితే, ఆఖరిసారి కదా అని ఎక్కింది. ఒళ్లో మజ్జిగ గిన్నె పెడితే నాకు మతి పోయిందనుకుంది. పెడన గేటు దాకా వెళ్లి వచ్చాం. దారిలో నాలుగుసార్లు వెనక్కి తిరిగి ఉందో లేదో చూసుకున్నాను.

ఇంటి ముందు నాంచారయ్య గారు నిలబడి ఉన్నారు. ప్రసన్నలక్ష్మి దిగి ముందు గిన్నెలోకి చూసింది, తర్వాత చీర చూసుకుంది, ఆ తర్వాత నన్ను చూసింది.

"అన్నయ్యగారూ, ఎండన పడి వచ్చారు, మజ్జిగ పుచ్చుకోండి. బండి మాత్రం అమ్మట్లేదు."

ఆయన పాపం, ఏం జరిగిందో తెలియక గిన్నెడూ తాగేసి వెళ్లారు.

సాయంత్రం ఇద్దరం బండి మీద గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లాం. యాకోబు గారు చర్చి నుంచి వచ్చి ఉతికిన చొక్కాలో కూర్చున్నారు.

"మజ్జిగేమైందండీ?"

"గుడివాడ ఆసామి తాగాడండీ."

ఇన్నేళ్లలో యాకోబు గారు నిర్ఘాంతపోగా చూడటం అదే మొదటిసారి. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఏమేవ్, కృపా! విన్నావా? తాగడానికి మిగిలిందంట!"