జడెక్కిన కొమ్ము పురుగు

టెక్కలి కాలేజీలో బీయస్సీ చదివే ఆ రోజుల్లో భయమనేది నా దృష్టిలో ఎదుటివాళ్ళకుండే జబ్బు. జువాలజీ ప్రాక్టికల్స్ నాడు తలా ఒక పెద్ద పురుగును చెక్కుచెదరకుండా తెచ్చి, సార్ అడిగినవాటికి జవాబు చెప్పాలి. తేకపోతే సున్నా. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగును తెస్తానని అందరి ముందూ గొప్పగా చెప్పేశాను. మా ఉద్దానం కొబ్బరితోటల్లో దాన్ని ఇనుప కొక్కెంతో గుచ్చి లాగుతారు. చిల్లుపడ్డ పురుగు పరీక్షకు పనికిరాదు. అందుకని మా అత్త (నాన్న చెల్లెలు) పేడకుప్ప తవ్వి, బొటనవేలంత నల్లటి మగ పురుగును ప్రాణాలతోనే సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. "సంపేసి పట్టుకెల్లవే, దారిలో ఏటి సేత్తాదో!" అంది. "అది కరవదత్తా, పుస్తకంలో ఉంది" అన్నాను. (చంపే ధైర్యం లేదని చెప్పుకుంటానా?)

పలాసలో బస్సెక్కి కాస్త దూరం వచ్చాక, భుజాన ఉన్న సంచిలోకి చూస్తే గుడ్డకు చిల్లు, సీసా ఖాళీ. అప్పుడే మెడ వెనక ముళ్ళకాళ్ళు ఒక్కొక్కటే పైకి పాకుతున్నట్టు తెలిసింది. అరిస్తే ఎవరో ఒకరు చెప్పుతో కొడతారు, నా మార్కులు ఆ బస్సులోనే నలిగిపోతాయి. చెమటలు కారుతున్నా బొమ్మలా కూర్చున్నాను. పక్కన చేపల గంపతో ఉన్నావిడ చూడనే చూసింది. "ఓలమ్మో! ఒలే గుంటా, నీ జడమీద ఏటే అది!" అంటూ చెప్పు తీసింది. "కొట్టకు పిన్నీ, పరీక్ష ఉంది!" అన్నాను. "పరీచ్చ నీకా, దానికా?" అంది. బస్సంతా నవ్వింది. కండక్టరు మాత్రం నవ్వకుండా డ్రైవరు వెనక్కి వెళ్ళి నుంచున్నాడు. లాగబోతే అది కస్సుమని జడను ఇంకా గట్టిగా పట్టుకుంది. (పొట్టను రెక్కలకు రుద్ది ఆ శబ్దం చేస్తుందని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన వణుకు ఆగుతుందా?)

అలాగే పరీక్ష గదిలోకి వెళ్ళాను. సార్ కుర్చీ అడ్డం పెట్టుకుని అడిగారు. "నివాసం?" "పిల్లగా ఉన్నప్పుడు పేడకుప్ప, పెద్దయ్యాక కొబ్బరి మొవ్వు, ప్రస్తుతం నా జడ సార్." "కొమ్ము దేనికి?" "మగవి ఒకదాన్నొకటి కుమ్ముకోవడానికి." "ఇది మగదేనా?" "మగదే సార్, అడక్కుండా ఎక్కి కూచుంది." "మార్కులన్నీ వేసేశాను, ముందు దాన్ని బయటికి తీసుకెళ్ళు తల్లీ" అని బతిమాలారాయన. చివరికి అటెండరు కళ్ళు సగం మూసుకుని, పురుగుతో పాటు నా సగం జడనూ కత్తిరించాడు.

మొన్న సాయంత్రం అత్త తోటలో లైటు చుట్టూ కొమ్ము పురుగొకటి బొయ్యిమని తిరిగింది. నా చెయ్యి దానంతటదే మెడ వెనక్కి పోయింది. అక్కడిప్పుడున్నది నెరిసిన చిన్న ముడి, పాపం ఆ పురుగుకు ఒక్క కాలు ఆనించుకోవడానికైనా చాలదు. "ఏటే, అలా బిగిసిపోనావు?" అంది అత్త. "ముందా లైటార్పు అత్తా" అన్నాను.