అమ్మ బయలుదేరే గీత

తడిసిన నాపరాతి పొడి వాసన ఈ ఉదయం మా బడి వరండాలోకి వచ్చింది; కొత్త గది కోసం బండలు కోస్తూ పనివాళ్లు నీళ్లు పోస్తున్నారు. హాజరు పిలుస్తున్న నేను రెండు పేర్లు దాటవేసి, బేతంచెర్లలో మూడో తరగతి చదివిన ఏడాదిలోకి వెళ్లిపోయాను.

అది అమ్మ చీర వాసన. నాన్న పోయాక ఆమె బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలికి చేరింది. మా ఇంట్లో గడియారం లేదు. పొద్దున ప్యాసింజరు రైలు కూత వినగానే పొయ్యి ఆర్పి, జొన్నరొట్టెల్లో చెనిక్కాయల పొడి పెట్టి మూటగట్టుకుని బయలుదేరేది. రైలు ఆలస్యమైతే అమ్మ కూడా ఆలస్యమే. గేటు దగ్గర మేస్త్రి వెనక్కి పంపేవాడు. ఆ పని పోతే మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలస పోవాలి, నా చదువు అంతటితో ఆగిపోతుంది. ఈ సంగతి అమ్మ నా దగ్గర దాచలేదు.

స్టేషను పక్కనే ఉండే మా టీచరమ్మ కాలం కొలవడం నేర్పడానికి ఆ రైలునే తీసుకున్నారు. అది ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో రోజూ ఆమె చెబితే, ఐదు నిమిషాలకొక రాతిముక్క చొప్పున మేము వరండాలో నిలువుగా పేర్చేవాళ్లం. వారం తిరిగేసరికి ఒక్కో దొంతర ఒక్కో ఎత్తు. వాటిని చూశాక రైలును నమ్మకూడదని నాకు అర్థమైంది.

ఆమె చేతి గడియారాన్ని ఒక్క పూటకు అడిగి తెచ్చుకున్నాను. తొలకరి వానలు వెలిసిన ఆ ఉదయం, సరిగ్గా ఏడున్నరకు తూర్పు గోడ నీడ ముంగిట్లో ఎక్కడిదాకా ఉందో చూసి బండ మీద మేకుతో గీత గీశాను. నీడ తగ్గుతూ ఆ గీతకు రాగానే అమ్మ బయలుదేరేది. మబ్బు పట్టిన రోజు ఇంకా ముందే. దసరా దాకా ఒక్కరోజూ తప్పలేదు. దీపావళి దాటి చలి ముదిరాక ఒకరోజు అమ్మ పొద్దున్నే తిరిగి వచ్చి మూట కింద పెట్టింది.

“ఆ రైలే నయం మే, లేటుగా వస్తాదని తెలుసు. నీ గీత నమ్మి పోతే గేటుకాడ్నించే పంపించినాడు. ఇంగొక్కతూరి అయితే రావద్దన్నాడు.”

నేను ఏడుస్తూ బడికి వెళ్లాను. టీచరమ్మ అంతా విని, చలికాలంలో పొద్దు ఆలస్యంగా పొడుస్తుందని, అదే ఏడున్నరకు నీడ పొడవుగా ఉంటుందని, అది నా గీత దాకా తగ్గేసరికి ఏడున్నర దాటిపోతుందని చెప్పారు.

“గీత బాగానే గీసినావు పాపా. ఒక్క దినం కొలిచి, ఏడాదంతా అదే అనుకున్నావు.”

గడియారం విప్పి నా చేతికిచ్చి, వారానికి ఒక పూట తీసుకుపొమ్మన్నారు. మరునాడే గీత మార్చాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం, చలికి పళ్లు కొట్టుకుంటున్నా, ఎండాకాలం సెలవుల్లో సైతం, గోడ నుంచి నీడ ఎన్ని అంగుళాలో స్కేలుతో కొలిచి, గీతను అక్కడికి జరిపి, గడుల కాగితం మీద చుక్క పెట్టాను. ఏడాది తిరిగాక చుక్కలన్నీ కలిపితే పుష్యమాసంలో ఎత్తుకు లేచి మళ్లీ దిగే వంపు వచ్చింది. అక్షరం రాని అమ్మ దాని మీద వేలు పెట్టి, “ఈడ చలి శానా ఉండాది కదా” అంది. ఆమె మళ్లీ ఆలస్యం కాలేదు. మా వంశంలో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని నేనే.

ఇప్పుడు మా వీధిలో రైలు కూత కోసం ఎవరూ చెవి ఒగ్గరు. ముంగిట్లో రేకులు వేశాక నీడ పడే చోటే లేదు. ఆ కాగితాన్ని చెదలు తిన్నాయి. అమ్మ సెల్‌ఫోను చూసుకుంటుంది. నేను మాత్రం మూడో తరగతికి నీడలు కొలవడం నేర్పుతున్నాను. మొన్న ఒక పాప ఒక్క రోజు కొలిచి, మిగతా నెలల చుక్కలు అంచనాతో పెట్టి తెచ్చింది. వంపు ఎంతో అందంగా ఉంది. ఒక్క చుక్క ఉంచి మిగతావన్నీ తుడిపించి, వచ్చే ఆదివారం కొలిచి రమ్మన్నాను.