ఓవెన్ కింది అరలో ఒక మహానగరం

ఆ రోజుల్లో, అంటే ఫోన్లకి ఇంకా బొత్తాలూ నా నెత్తికి ఇంకా జుట్టూ ఉన్న రోజుల్లో, నేను ప్రపంచంలోకెల్లా గొప్ప ఇంజనీర్నని నమ్మేవాళ్లు ఇద్దరే ఉండేవారు. ఒకణ్ణి నేను, రెండోది ఆరో తరగతి చదువుతున్న మా అక్క కూతురు చిట్టి. ఈ సంగతి మా కంపెనీకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఓ శుక్రవారం నన్ను పిలిచి, సామాను సర్దుకోవడానికి అట్టపెట్టె కూడా వాళ్లే ఇచ్చి మరీ సాగనంపారు. ఆ పెట్టెతో నేరుగా, ఆ డాలర్ల దేశంలోనే నోవై అనే ఊళ్లో ఉన్న అక్కావాళ్లింటికి చేరాను. బయట తాటిచెట్టెత్తు మంచు (కొలిస్తే మోకాలిదాకా). బావ ఆఫీసు పనిమీద ఊళ్లు తిరుగుతుంటే, అక్క ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేస్తుంటే, నేను సోఫా బరువు చూస్తుండేవాణ్ణి.

ప్లేనో అనే ఊరి నుంచి కొత్తగా వచ్చిన చిట్టి, ఇంట్లో వసపిట్ట. బళ్లో మాత్రం మూడు నెలలుగా నోరు విప్పలేదని టీచరు అక్కకి ఉత్తరం రాసింది. సరిగ్గా అప్పుడే ప్రాచీన నదీతీర నాగరికతల ప్రాజెక్టు వచ్చిపడింది. చీటీలో ఎవరికి ఏది వస్తే దాని నమూనా చేసుకెళ్లి, క్లాసు ముందు నిలబడి మాట్లాడాలి.

"అందరికీ ఈజిప్ట్ వచ్చింది మామా. వాళ్లకి పిరమిడ్స్ ఉన్నాయి, మమ్మీస్ ఉన్నాయి. నాకేమో ఇండస్ వ్యాలీ. కింగ్ కూడా లేడు. నా పక్క డెస్క్ అబ్బాయి బోరింగ్ అన్నాడు."

"రాజు లేకపోతేనేం, మురుగుకాలవలున్నాయి!" అన్నాను, సింహాసనం చూపించినంత గర్వంగా.

చిట్టి నా ముఖంలోకి జాలిగా చూసింది. "సరే, సూపర్‌గా చేస్తే నేను మాట్లాడతాను. లేకపోతే టేబుల్ మీద పెట్టేసి వచ్చేస్తాను. నో టాకింగ్."

ఉద్యోగం పోయాక నాకు దొరికిన మొదటి ప్రాజెక్టు అది. గడువు ఆరు రోజులు. మట్టి కోసం పెరట్లో తవ్వబోతే నేల రాయిలా గడ్డకట్టి, పార వంగింది. దాంతో అక్క గోధుమపిండిలో ఉప్పు కలిపి, రంగుకి ఫిల్టర్ కాఫీపొడి దట్టించి, నాలుగు వేల ఇటుకలు కోశాం (లెక్కపెడితే నూటపది). ఒక్కో ఇటుకా స్కేలు పెట్టి కొలిచాను. సింధు తీరంలో ఊరేదైనా ఇటుక ఒకే కొలత కదా మరి! సబ్బుపెట్టెంత మహా స్నానవాటిక కట్టాం, వీధి వీధికీ మూతలున్న కాలవలు తీశాం. "మామా, వీళ్ల బాత్రూమ్స్ మనకన్నా బెటర్!" అని చిట్టి చప్పట్లు కొట్టింది. రేపు బళ్లో చెప్పబోయే మాటలు అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు అప్పజెప్పుకుంది కూడా.

ఆ సాయంత్రం ఊరు ఆరడానికి దాన్ని ట్రేతో సహా ఓవెన్ కింది అరలో పెట్టి లైటు వేశాను. మన ఇళ్లల్లో ఓవెన్ అంటే తెలిసిందే కదా, మామూలు రోజుల్లో మూకుళ్లు దాచుకునే బీరువా, చలికాలంలో ఇడ్లీపిండి పులిసే వెచ్చటి గది. అక్క డ్యూటీకి వెళుతూ, "ఒరేయ్, రేపు చుట్టాలొస్తున్నారు. పిండి రుబ్బి పెట్టాను. రెండు గిన్నెల్లోకి సర్ది ఓవెన్లో పెట్టు. సగం సగమే పొయ్యి, పొంగుతుంది!" అంది. రెండో గిన్నె తోమడం ఎవరి తరం? ఉన్నదంతా ఒక్క గిన్నెలోకే అంచుదాకా నింపి, పై అరలో పెట్టాను. ఊరి నెత్తినే అన్నమాట. ఇంజనీర్ని కదా.

తెల్లారి ఓవెన్ తలుపు తీసేసరికి మొహంజొదారో లేదు. దాని చోట తెల్లటి మైదానం, పైన పుల్లటి వాసన. అప్పుడే ఇంటికొచ్చిన అక్క చేతిలో బ్యాగు కిందపడేసింది.

"సగమే పొయ్యమన్నానా లేదా?"

"అన్నావు."

"మరి?"

నేను ట్రే బయటికి లాగి బల్లమీద పెట్టాను. చిట్టి ఏడవలేదు, అదే నాకు భయమేసింది. "ఇట్స్ ఓకే మామా. నేను మాట్లాడనులే," అంది, చాలా మర్యాదగా. ఇంతకంటే ఆ గిన్నె నా నెత్తికేసి కొట్టినా బావుండేది.

చెంచా తీసుకుని గీకడం మొదలుపెట్టాను. పైన పెచ్చుకట్టింది, లోపల ఒండ్రులా మెత్తగా ఉంది. నాలుగు చెంచాలు తీశానో లేదో, స్నానవాటిక మూల ఒకటి చెక్కు చెదరకుండా బయటపడింది. చిట్టి నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు మామా! కింద అలాగే ఉంది. నువ్వు తియ్యొద్దు."

"ఈ కంపుతో బడికి తీసుకెళతావా?" అంది అక్క.

"మమ్మీ, మన పార్టీ స్పూన్స్ ఎక్కడున్నాయి?"

బరువని, టీచరు అనుమతితో ట్రే నేనే మోసుకెళ్లి, క్లాసు వెనక గోడకి బల్లిలా అతుక్కుపోయాను. పిరమిడ్ల మధ్య మా ట్రే పెరుగన్నంలా ఉంది. చిట్టి లేచి నిలబడింది. ట్రేని అటూ ఇటూ సర్దుతూ ఒక నిమిషం గడిపింది (నాకైతే ఆ నిమిషంలో రెండు నాగరికతలు పుట్టి అంతరించాయి). తర్వాత ఇంగ్లీషులో, చిన్న గొంతుతో మొదలుపెట్టింది.

"ఇక్కడ ఒక ఊరుంది. నది దానికి అన్నం పెట్టింది. తర్వాత మట్టి కప్పేసింది. వేల ఏళ్లు అందరూ మర్చిపోయారు. ఎలా ఉంటుందో నేను చెప్పను. మీరే తవ్వండి."

అని తలా ఒక ప్లాస్టిక్ చెంచా పంచింది. మరుక్షణం ఈజిప్టు మొత్తం ఖాళీ. బోరింగ్ అన్న పక్క డెస్క్ అబ్బాయి మోచేతులదాకా పిండితో, "డ్రెయిన్! నాకు డ్రెయిన్ దొరికింది!" అని నిధి దొరికినట్టు అరిచాడు. చిట్టి వాడికి దాని మూత ఎలా తియ్యాలో చెప్పింది. ఇంకొకరికి బావి చూపించింది. గంట కొట్టినా ఆపలేదు. టీచరు నా దగ్గరికొచ్చి, ఈ ఒండ్రుమట్టి ఎలా తయారుచేశారు, అచ్చం నిజంలా ఉందే అని అడిగింది.

"ఒకటికి మూడు," అన్నాను తడుముకోకుండా. "మినప్పప్పు ఒకటి, రవ్వ మూడు."

చిట్టి ఇప్పుడు పెద్దదైంది. ఫోన్ చేస్తే గంటకి తక్కువ వదలదు, మధ్యలో ఊపిరి తీసుకోవడం నా వంతు. ఆ తర్వాత నాకు ఉద్యోగాలొచ్చాయి, బోలెడు ప్రాజెక్టులు చేశాను. ఒక్కటీ ఎవరూ చెంచాలతో తవ్వి చూసుకోలేదు. ఇప్పటికీ చలికాలంలో పిండిగిన్నె ఓవెన్లో పెట్టేముందు వంగి కింది అర చూస్తాను, అక్కడ ఎవరైనా కాపురం ఉన్నారేమోనని. ఎవరూ ఉండరు. బుద్ధిగా సగానికే పోసిన గిన్నెని పైన పెట్టి, లైటు వేసి తలుపు మూస్తాను. పిండి చక్కగా, హద్దుల్లో పులుస్తుంది. ఒక్కోసారి మాత్రం, ఆ జుట్టున్న తింగరి వెధవలాగే ఒక్కసారి అంచుదాకా పోసేస్తే బావుణ్ణనిపిస్తుంది.