జేబులో ఉన్న బల్బు

ఈ మధ్య చొక్కాలకు జేబులు పెట్టడం మానేస్తున్నారు. షాపులో అడిగితే ఇప్పుడిదే ఫ్యాషన్ అంటారు. పెన్ను, కళ్లజోడు, మందుల చీటీ చేత్తో పట్టుకుని తిరగడం ఫ్యాషన్ ఎప్పుడయిందో నాకు తెలియదు. నా దగ్గర జేబున్న చొక్కాలు ఇంకా కొన్ని మిగిలాయి. వాటిలో ఒక గళ్ల చొక్కాను మాత్రం పాత బట్టల మూటలోకి పోకుండా కాపాడుకుంటున్నాను. కారణం ఉంది.

ముందుగా ఒక మాట. దెయ్యాలూ భూతాలూ నేనెప్పుడూ నమ్మలేదు. భిలాయిలో, స్టీలు ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరును. దానంతట అది మోగే అలారం, ఎవరూ ముట్టుకోకుండా కదిలే ముల్లు మాకు రోజూ కనిపిస్తాయి. వాటిని మా డిపార్టుమెంటులో దెయ్యం అనరు, లూజ్ కాంటాక్ట్ అంటారు. స్క్రూ బిగిస్తే వదిలిపోతుంది.

మా నాన్న అదే ప్లాంటులో కంట్రోల్ రూమ్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. అక్కడ షిఫ్టు మారేటప్పుడు ఒక ఆచారం ఉంది. ప్యానెల్ మీద హెచ్చరిక దీపాలన్నీ ఆరి ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. బల్బు మాడిపోయినా దీపం ఆరే ఉంటుంది. అందుకని డ్యూటీలోకి వచ్చినవాడు ముందు ల్యాంప్ టెస్ట్ బటన్ నొక్కుతాడు. అన్నీ ఒక్కసారి వెలగాలి. వెలగనిదాని బల్బు మార్చాకే చార్జి తీసుకుంటాడు.

నాన్న ఆ ఆచారాన్ని మా కారులోకి తెచ్చారు. తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా ఆగేవారు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రవీ పసుపువీ వెలిగేవి. ఒక్కొక్కదాన్నీ వేలితో చూపించి, పేరు పెట్టి పిలిచి, ఆ తర్వాతే ఇంజిన్ స్టార్ట్ చేసేవారు. వెనక సీట్లో చుట్టాలు ఎండకు ఉడికిపోతున్నా సరే. విజయనగరం నుంచి వచ్చే మా చిన్నాన్న అది ఏదో ప్రార్థన అనుకుని చాలా ఏళ్లు తనూ చేతులు జోడించాడు.

ఆ దీపాలు ఎలా పనిచేస్తాయో తెలిస్తే నాన్నది చాదస్తం కాదని అర్థమవుతుంది. నూనె డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర దీపాన్నే తీసుకోండి. బల్బుకు ఒక వైపు తాళం నుంచి కరెంటు వస్తుంది. రెండో వైపు తీగ ఇంజిన్‌కు బిగించిన చిన్న స్విచ్ దగ్గరికి పోతుంది. ఇంజిన్ ఆగి ఉంటే లోపల ఆయిల్‌కు ఒత్తిడి ఉండదు, స్విచ్ కలిసి ఉంటుంది, దీపం వెలుగుతుంది. ఇంజిన్ తిరిగాక ఆ ఒత్తిడే స్విచ్‌ను విడదీస్తుంది, దీపం ఆరుతుంది. బ్యాటరీ బొమ్మ ఉన్నది ఇంకా ముచ్చటైనది. దానికి ఒక పక్క బ్యాటరీ, మరో పక్క ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్. రెండూ సమానంగా తోస్తున్నంతసేపూ కరెంటు ఎటూ కదలదు. ఆల్టర్నేటర్ చేతులెత్తేస్తే దీపం వెలుగుతుంది. ఏదైనా సరే, ముందు వెలిగి తర్వాత ఆరాలి. మొదట వెలగనిది ఆరి ఉన్నా దాని మాట నమ్మకూడదు.

అమ్మకు యాభై దాటాక నాన్న డ్రైవింగ్ నేర్పారు. ఈ సిద్ధాంతాల జోలికి పోలేదు. పసుపుది వెలిగితే ఇంటికొచ్చి చెప్పు, ఎర్రది వెలిగితే అక్కడే ఆపు, ఆలోచించకు. నాకు ఇంజినీరింగ్ కాలేజీలో ఏళ్లు పట్టిన చదువు అమ్మకు ఒక్క వాక్యంలో అయిపోయింది.

నాన్న పోయిన ఏడాదికి చిన్నాన్న కారు అమ్మేద్దామన్నాడు. వైశాలి నగర్‌లో ఎవరో కొంటామన్నారట. "మీవాడు డ్యూటీలో ఉంటాడు, పాత బండి రోడ్డు మీద నిలబడిపోతే ఏటి చేస్తావు వదినా?" అని ఫోన్లో అడిగాడు.

"నువ్వు రైలెక్కి రా. దుర్గ్ స్టేషన్‌కి నేనే బండి తెస్తాను. అందులో కూకుని ఇంటికొచ్చి, అప్పుడు సెప్పు అమ్మాలో వద్దో" అంది అమ్మ. చిన్నాన్న సరే అన్నాడు. అంటే ఆ ఒక్క ప్రయాణం మీదే బండి ఉండడమా, పోవడమా తేలుతుంది.

ఆ రోజు పొద్దున్న రుఆబాంధా కాలనీలో మా క్వార్టరు ముందు అమ్మ తాళం తిప్పింది. నూనె డబ్బా వెలగలేదు. నేను మీటరు ప్యానెల్ ఊడదీసి, బల్బును హోల్డరుతో సహా బయటికి తీశాను. లోపలి తీగ తెగిపోయి ఉంది. పార్ట్స్ షాపులో నంబరు చెప్తే ఎవరూ పట్టించుకోరు, సాంపిల్ చూపించాలి. కాబట్టి దాన్ని గళ్ల చొక్కా జేబులో వేసుకున్నాను.

"బల్బు లేకండా చార్జి ఎలా తీసుకుంటాన్రా?" అంది అమ్మ. దుర్గ్‌లో కొని అక్కడే పెట్టేస్తానన్నాను. ఆయిల్ పుల్ల తీసి తనే చూసుకుంది, నిండుగా ఉంది. రైలు టైమ్ దగ్గర పడుతోంది. అయిష్టంగానే బయల్దేరింది.

దుర్గ్ పొలిమేరల్లో ఉండగా నూనె డబ్బా వెలిగింది.

మిణుకుమనడం కాదు. బొమ్మ ముక్కుతో సహా స్పష్టంగా, నిలకడగా, ఎర్రగా. పక్క సీట్లోంచి నేనూ చూశాను.

"అమ్మా, అది వెలగదు. బల్బు నా దగ్గరుంది" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో అంత తప్పులేని వాక్యం, అంత పనికిమాలిన వాక్యం ఇంకొకటి అనలేదు. రుజువు కోసం జేబులోంచి బల్బు తీసి చూపించేలోపు అమ్మ ఇండికేటర్ వేసి, ఎడమకు తీసి, ఇంజిన్ ఆపేసింది.

మళ్లీ తాళం తిప్పి చూశాను. అన్నీ వెలిగాయి, నూనె డబ్బా తప్ప. దిగి వెనక్కి చూస్తే రోడ్డు మీద మేం వచ్చిన దారంతా నల్లటి ఆయిల్ గీత.

దగ్గర్లోని మెకానిక్‌ను పిలిపించాను. ఫోన్ చేస్తే చిన్నాన్న స్టేషన్ నుంచి ఆటోలో వచ్చాడు. దిగుతూనే, "సూసినావా వదినా? రోడ్డు మీద నిలబడిపోద్దని నేను సెప్పలేదా?" అన్నాడు. ముఖంలో కొంచెం సంతోషం కూడా ఉందేమో, నేను ప్రమాణం చేయలేను. అమ్మ చీర కొంగుతో స్టీరింగ్ తుడుస్తూ కూర్చుంది.

జవాబు కారు కిందనుంచి వచ్చింది. మెకానిక్ అక్కడే పడుకుని, "దీదీ నే ఠీక్ టైమ్ పే బంద్ కియా, భాయ్‌సాబ్. నహీ తో ఇంజిన్ గయా థా" అన్నాడు. మొన్న సర్వీసింగులో వేసిన ఆయిల్ ఫిల్టరు రబ్బరు రింగు జారిపోయిందట. అక్క సరిగ్గా టైముకి ఆపింది కాబట్టి సరిపోయిందట, ఇంకాస్త దూరం నడిపి ఉంటే ఇంజిన్ పట్టేసేదే.

"నీకెలా తెల్సింది వదినా?" అన్నాడు చిన్నాన్న.

అమ్మ డ్యాష్‌బోర్డు వైపు చూపించింది. నేను ప్యానెల్ మళ్లీ ఊడదీసి, బల్బు ఉండాల్సిన ఖాళీ కన్నం చూపించాను. జేబులోని బల్బూ చూపించాను. చిన్నాన్న కన్నంలోకి చూశాడు, బల్బు వైపు చూశాడు, తర్వాత చేతులు జోడించాడు. ఈసారి అది ప్రార్థన కాదని నేను సర్దిచెప్పలేదు.

రింగు మార్చి, కొత్త ఆయిల్ పోసి, కొత్త బల్బు పెట్టాక అమ్మ తాళం తిప్పి ఒక్కొక్క దీపాన్నీ పేరు పెట్టి పిలిచింది. చిన్నాన్న ముందు సీట్లో బుద్ధిగా కూర్చున్నాడు. ఇంటికి చేరేలోపే వైశాలి నగర్‌కు ఫోన్ చేసి బండి అమ్మకానికి లేదని చెప్పేశాడు. అమ్మ గేరు మార్చిన తీరు చూస్తే రైలింజన్ నడుపుతున్నట్టుంది. వెనక సీట్లో, చిన్నాన్న బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఆవిడ కొడుకునని కాస్త నిటారుగా కూర్చున్నాను.

తర్వాత నేను చేయాల్సిన పరీక్షలన్నీ చేశాను. బల్బు మళ్లీ తీసేసి, పక్కనున్న హ్యాండ్‌బ్రేక్ దీపం వెలిగించి చూశాను, వెలుతురు ఇటు రాలేదు. అదే వేళకు, అదే రోడ్డు మీద ఎండ పడేలా నిలబెట్టి చూశాను. తీగలన్నీ మీటరు పెట్టి చూశాను. మా డిపార్టుమెంటులో చెబితే లూజ్ కాంటాక్ట్ అన్నారు. లూజ్ కావడానికైనా అక్కడ ఒక కాంటాక్ట్ ఉండాలి కదా అంటే టీ తాగమన్నారు. ఇద్దరం ఒకేసారి భ్రమపడ్డామనుకుందామంటే, రోడ్డు మీది ఆయిల్ భ్రమ కాదు.

మాడిపోయిన ఆ బల్బు ఇప్పటికీ గళ్ల చొక్కా జేబులోనే ఉంది. అదెలా వెలిగిందో నాకు తెలియదు. తెలియదని రాయడం నాకు అలవాటు లేదు, అయినా రాస్తున్నాను.

మొన్న వంటింట్లో అమ్మను మళ్లీ అడిగాను. బల్బే లేదు కదమ్మా, నీకు ఒక్క క్షణమైనా అనుమానం రాలేదా అని. అమ్మ కూర కలుపుతూ వెనక్కి తిరక్కుండానే అంది:

"ఎర్రది ఎలిగింది, ఆపీసినాను. ఎలా ఎలిగిందో నువ్వు సూసుకో. నీకు జీతం అందుకే కదరా ఇస్తన్నారు?"